అబ్బా తాషా రికార్డు



వన్ టౌన్‌లో మా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాం. కురుపాం మార్కెట్ నుంచి పది నిమిషాల నడక, మేడ మీద నిలబడితే దర్గా కొండ కనిపించే ఇల్లు. అమ్మీ ఇంతెకాల్ అయ్యాక రెండేళ్లు తాళం వేసి ఉంచాం. సముద్రపు గాలికి గోడలు పెచ్చులూడిపోతున్నాయి, ఇక లాభం లేదని బేరం కుదుర్చుకున్నాం. పోయిన జుమ్మా నాడు నేను అమ్మీ చీరలు మడతపెడుతుంటే, చోటా భాయి అల్మారా పై అరలోంచి ఒక మందపాటి అట్టపెట్టె దించి దుమ్ము దులిపాడు.

"ఆపా, ఈ తాషా రికార్డు ఏం చేద్దాం? ప్లేయరు ఎప్పుడో పాడైంది. ఇదే సంగీతం ఫోన్లో ఇరవై రకాలుగా ఉంది, ఇంతకంటే సాఫ్‌గా. ఉంచాలా, ఎవరికైనా ఇచ్చేయాలా? నువ్వే ఫైసలా చెయ్" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడు అడిగింది సహీ సవాలే. యాదుల పేరు చెప్పి పాత సామానంతా మోసుకుపోతే కొత్త ఇంట్లో మనుషులకు చోటుండదు. ఉంచితే దాని హక్కు మీద అది ఉండాలి. అందుకే ఆ సంగీతాన్ని మూడు రాత్రులు, మూడు రకాలుగా విన్నాను. విన్నాక ఏమనిపించిందో మీకు చెప్తాను.

ముందు అది మా ఇంటికెలా వచ్చిందో చెప్పాలి. స్టీలు ప్లాంటు కట్టే రోజుల్లో సోవియట్ ఇంజనీర్లు చాలామంది వైజాగ్‌లో ఉండేవారు. 1981లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం అయింది, మరుసటి ఏడాది పనులు మొదలయ్యాయి. మా మామూ ఆ ఇంజనీర్లకు జీపు నడిపేవాడు. ఒక పెద్దాయన తన దేశం వెళ్లిపోతూ మామూ చేతిలో ఈ పెట్టె పెట్టాడట. లోపల రెండు పెద్ద రికార్డులు. అట్ట మీద అన్నీ రష్యన్ అక్షరాలు. మామూ ఇంట్లో ప్లేయరు లేదు. మా ఇంట్లో మూతలోనే స్పీకరు ఉండే హెచ్‌ఎంవీ ప్లేయరు ఉండేది. నాత్‌లు, ఖవ్వాలీలు, రఫీ సాబ్ పాటలు అందులోనే వినేవాళ్లం. అలా ఆ పెట్టె మాకు చేరింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

మొదటిసారి పెట్టినప్పుడు మాకేమీ అర్థం కాలేదు. గానం లేదు, మాట లేదు. ఆరేడు నిమిషాలు ఏవేవో వయొలిన్లు. తర్వాత అంతా ఖామోష్. ఆ ఖామోషీలోంచి ఎక్కడో చాలా దూరంగా ఒక డోలు మొదలైంది. టక్, టక్కటక్, టక్. దాని మీద ఒక చిన్న రాగం. పిల్లలు వీధిలో ఈల వేసుకునే రకం రాగం. అదే రాగం మళ్లీ, మళ్లీ. ప్రతిసారీ కొత్త వాయిద్యం వచ్చి కలుస్తుంది, డోలు మాత్రం మారదు. కొంచెం కొంచెం దగ్గరవుతూ ఉంటుంది, అంతే.

అబ్బా ప్లేయరు దగ్గరికి జరిగి చెవి ఆనించి విన్నారు. "అరే, యే తో తాషా హై!" అన్నారు.

మొహర్రం రోజుల్లో మంట దగ్గర తోలు కాచి, రెండు సన్నటి పుల్లలతో వాయించే తాషా మీలో చాలామందికి తెలుసు. వీధి చివర మొదలైనప్పుడు అది వినిపిస్తోందో లేదో తేల్చుకోలేం. ఇంటి ముందుకొచ్చేసరికి గుండెలో కొడుతుంటుంది. ఈ డోలూ అచ్చం అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో అది తాషా రికార్డు. దాని అసలు పేరు మాకు తెలీదు, ఎవరూ అడగనూ లేదు.

మా ఫుఫా మాత్రం నారాజ్ అయ్యేవారు. "బాజాలు ఇంట్లో మోగించడమేంటి భాయ్?" అనేవారు. అబ్బా బహస్ పెట్టుకునే మనిషి కాదు. ఫుఫా ఉన్నప్పుడు పెట్టేవారు కాదు, అజాఁ వేళకు సూది ఎత్తేసేవారు. ఇషా నమాజు అయ్యాక, మేడ మీది గదిలో, వారానికోసారి. మొదటి వైపు ఒక్కటే.

డిగ్రీ చదివేటప్పుడు రష్యన్ నేర్చుకుంటున్న నా సహేలీ ఒకమ్మాయి ఇంటికొచ్చి అట్ట మీద అక్షరాలు చదివి పెట్టింది. ద్మీత్రీ శొస్తకోవిచ్. ఏడో సింఫనీ. వాయించింది యు.ఎస్.ఎస్.ఆర్. స్టేట్ సింఫనీ ఆర్కెస్ట్రా. నడిపించింది యెవ్‌గెనీ స్వెత్లానోవ్. మెలోదియా కంపెనీ, 1968 రికార్డింగు. దాన్ని లోకమంతా లెనిన్‌గ్రాడ్ సింఫనీ అంటుందని ఆ అమ్మాయే చెప్పింది. ఆ తర్వాత లైబ్రరీల్లో దొరికింది దొరికినట్టు చదివాను.

1941 సెప్టెంబరు 8న జర్మన్ ఫౌజు లెనిన్‌గ్రాడ్‌కు వెళ్లే నేల దారులన్నీ మూసేసింది. 1944 జనవరి 27 దాకా, అంటే దాదాపు 900 రోజులు, ఆ ముట్టడి సాగింది. మొదటి చలికాలంలో పిల్లలకూ, ఆఫీసు ఉద్యోగులకూ, పని లేనివాళ్లకూ రోజుకిచ్చిన రొట్టె 125 గ్రాములు. అందులోనూ పిండి కాని కల్తీ ఎంతో. రోజాలో ఆకలి మనకు తెలుసు. కానీ మన ఆకలికి మగ్రిబ్ అజాఁ అనే హద్దుంది. వాళ్ల ఆకలికి ఏ హద్దూ లేదు. లక్షల మంది పోయారు.

శొస్తకోవిచ్ ఆ ఊరివాడే. యుద్ధం మొదలయ్యాక మంటలార్పే దళంలో చేరి, అక్కడే ఈ సింఫనీ రాయడం మొదలుపెట్టాడు. మూడు భాగాలు అయ్యాక ఆయన్ను ఊరు దాటించారు. డిసెంబరు చివర కుయిబిషెవ్‌లో పూర్తి చేశాడు. 1942 మార్చి 5న అక్కడే మొదటిసారి వాయించారు. దాని కాగితాలను మైక్రోఫిల్మ్ తీసి తెహ్రాన్, కైరోల మీదుగా అమెరికా చేర్చారు. జూలై 19న తోస్కనీని న్యూయార్క్ రేడియోలో వినిపించాడు.

లెనిన్‌గ్రాడ్‌లో మాత్రం దాన్ని వాయించడానికి మనుషులు లేరు. పెద్ద ఆర్కెస్ట్రాను, అంటే ఫిల్‌హార్మోనిక్‌ను, ముందే సైబీరియాకు పంపేశారు. మిగిలింది రేడియో ఆర్కెస్ట్రా, దాన్ని నడిపే కార్ల్ ఎలియాస్‌బెర్గ్. వాళ్లలో చాలామంది ఆకలితో చనిపోయారు, ఉన్నవాళ్లకు బాజా ఊదే ఊపిరి లేదు. ఫౌజులోంచి బాజా వచ్చినవాళ్లను పిలిపించారు. తిండి కొంచెం పెంచి రిహార్సల్ చేయించారు. ఆగస్టు 9న హాలు నిండింది. ఆ కాసేపూ జర్మన్ ఫిరంగులు మోగకుండా వీళ్ల ఫిరంగులు ముందే వాటి మీద గుళ్లు కురిపించాయి. లౌడ్‌స్పీకర్లలో ఊరంతటికీ, అవతలున్న దుష్మన్‌కు కూడా వినిపించారు.

ఇదంతా ఒకరోజు ఖుషీగా అబ్బాకు చెప్పాను. అంతా విని ఒకే మాట అడిగారు. "కౌన్‌సా సాల్ బోలీ బేటీ?"

"1942, అబ్బా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆ సంగతి జిందగీలో ఒక్కసారే చెప్పారు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ రేవు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. కుయిబిషెవ్‌లో ఈ సింఫనీ మొదటిసారి వాయించి అప్పటికి నెల దాటి ఒక్క రోజు. అబ్బాకు తొమ్మిదేళ్లు. వన్ టౌన్ రేవుకు ఆనుకునే ఉంది కదా, జనం దొరికింది పట్టుకుని ఊళ్ల వైపు పరుగెత్తారు. మా ఖాన్‌దాన్ కూడా అనకాపల్లి దారి పట్టింది. అబ్బా వాళ్ల దాదీ నడవలేదు. బండి దొరకలేదు. పక్కింటివాళ్లకు అప్పగించి, బండి మాట్లాడి తీసుకెళ్దామనుకున్నారు. ఆమె భయపడకుండా ఉండేందుకు పెద్దవాళ్లు మనవడితో చెప్పించారు, "షామ్ తక్ ఆజాతే దాదీ" అని.

సాయంత్రానికి వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. విమానాలు మళ్లీ వస్తాయని పుకారు, ఊళ్లోకి ఎవరూ అడుగుపెట్టడం లేదు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆమెకు జనాజా నమాజు అయిపోయింది, ఖబర్ మీద మట్టి ఆరిపోయింది. బాంబు తగిలి కాదు. జ్వరం. పక్కింటివాళ్లు ఉన్నారు, నీళ్లు పోశారు, అన్నీ చేశారు. అయినా ఆ మాట ఇచ్చింది అబ్బా.

ఇప్పుడు మూడు రాత్రుల సంగతి.

మొదటి రాత్రి తోస్కనీనిది విన్నాను, 1942 నాటి రేడియో రికార్డింగు. ఆవాజ్ పొడిగా, సన్నగా ఉంది. ఆ కాలపు స్టూడియో అంతే. కానీ అందులో ఒక తొందరపాటు ఉంది. వార్తలు చదివేవాడి తొందర. నిన్నటి ఖబర్ ఇవాళ చెప్పాలన్న ఆదుర్దా. తారీఖ్ తెలుసుకోవడానికి అది వినాలి. గుండెకు తగలడానికి మాత్రం నాకది చాల్లేదు.

రెండో రాత్రి లెనార్డ్ బెర్న్‌స్టైన్, చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా, 1988. చాలామంది దీన్నే నంబర్ వన్ అంటారు. ఎందుకంటారో అర్థమైంది. మొత్తం 85 నిమిషాలు, చాలా నిదానం. ప్రతి వాయిద్యం విడివిడిగా వినిపిస్తుంది. ఆ ఆర్కెస్ట్రా ఇత్తడి బాజాలకు లోకమంతా పేరు. డోలు మొదలైనప్పుడు నిజంగా వినిపిస్తోందా, నా వహమా అనిపించేంత మెల్లగా మొదలైంది. పన్నెండుసార్లు ఆ రాగం తిరిగొచ్చేసరికి ఒక గోడ మన మీదికి జరుగుతున్నట్టుంది.

మూడో రాత్రి స్వెత్లానోవ్. మా రికార్డే, ఫోన్లో.

నిజం చెప్తాను. వినే ముందు డరీను. చిన్నప్పటి ప్రేమ ఇన్సాఫ్ చేయదు కదా. పైగా ఆ పాత ప్లేయర్లో పెద్ద చప్పుళ్లన్నీ చిరిగిపోయి వినిపించేవి. అది రికార్డు గొప్పో, స్పీకరు ఐబో అప్పుడు తెలిసేది కాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాక ఒకటి తేలిపోయింది. చిరుగుడు కొంత స్పీకరుదే, కానీ అరుపు మాత్రం ఆర్కెస్ట్రాదే. అప్పటి సోవియట్ బాజాల్లో ఒక వణుకు ఉంటుంది, చికాగో వాళ్ల నున్నదనం ఉండదు. మనిషి గొంతు చించుకుని అరిచినట్టు ఉంటుంది. స్వెత్లానోవ్ దాన్ని అదుపులో పెట్టడు, వదిలేస్తాడు. తొమ్మిదో పదో విడత వచ్చేసరికి ఇది సంగీతమని మరిచిపోతాం. బెర్న్‌స్టైన్ దగ్గర గోడ జరుగుతోంది అన్నాను కదా, ఇక్కడ గోడ కాదు, మనుషులు వస్తున్నారు. ఆ డోలు దగ్గర స్వెత్లానోవ్‌కు సాటి లేడని నా ఫైసలా.

ఐబులు లేవని కాదు. నాలుగో భాగం, ఫతే భాగం, మరీ ఎక్కువ. జీత్ అంటే అంత గట్టిగా చెప్పాలా అనిపించింది. బెర్న్‌స్టైన్ అక్కడికి మెల్లగా, ఓర్పుగా చేరతాడు, అందుకే ఆయన గెలుపును నమ్మాను. ఇద్దరిలో ఎవరిది మొత్తం వినాలంటే బెర్న్‌స్టైన్‌దే అని చెప్తాను. ఇన్సాఫ్ అంటే ఇన్సాఫే.

కానీ ఈ సింఫనీని తూచాల్సింది డోలు దగ్గరా కాదు, ఫతే దగ్గరా కాదు. అది నాకు అబ్బా నేర్పారు. డోలు పగిలిపోయేంత పెరిగి, అంతా కూలిపోయాక, ఒక ఒంటరి బాజా వస్తుంది. బసూన్. పొడవాటి చెక్క గొట్టం, షెహనాయికి ఉన్నట్టే రెండు రెల్లు పలకల పీక. షెహనాయి బిరాదరీలో బొంగురు గొంతు బుజుర్గ్ అనుకోండి. కింద పియానో ముక్కలు ముక్కలుగా మోగుతుంటే అది ఒక్కటే చాలాసేపు నడుస్తుంది. చాలామంది దాన్ని మర్సియా అంటారు, పోయినవాళ్ల కోసం మాతమ్ అంటారు. బెర్న్‌స్టైన్ దగ్గర అది ఎంతో అందమైన ఏడుపు. నా కళ్లు తడిశాయి కూడా. స్వెత్లానోవ్ దగ్గర అంత అందం లేదు. ఆ బాజా ఆగదు, వెనక్కి చూడదు, అడుగులో అడుగేసుకుంటూ పోతుంది.

మా అబ్బా దాని గురించి అన్న మాట ఇప్పటికీ యాద్ ఉంది. "వో రో నై రహా బేటీ. ఢూండ్ రహా హై." ఏడవడం లేదట, వెతుకుతున్నాడట. తిరిగొచ్చినవాడు ఇంటింటికీ వెళ్లి ఎవరున్నారో, ఎవరు లేరో చూసుకుంటున్నాడని ఆయనకు అనిపించేది. మూడో రాత్రి నాకు అదే వినిపించింది. గమ్‌లో ఉన్న మనిషికి ఏడవడానికి ఫుర్సత్ తర్వాత దొరుకుతుంది. ముందు వెతుకులాటే. ఈ ఒక్కచోట ఆ మోటు రికార్డింగు నున్నటి రికార్డింగు కంటే సచ్చీ అని నమ్ముతున్నాను.

ఇంకోటి. బాజా అయిపోయాక, అంతా కుదుటపడింది అనుకుంటుండగా, మొదటి భాగం ఆఖర్లో ఆ డోలు మళ్లీ వస్తుంది. చాలా దూరంగా, ఒక్క క్షణం. అక్కడ అబ్బా ప్రతిసారీ "ఫిర్ ఆతా" అనేవారు. మళ్లీ వస్తాడు. విమానాలు మళ్లీ వస్తాయని ఊరి బయట రోజులు లెక్కపెట్టిన పిల్లవాడి మాట అని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది.

ఆఖరి సంగతి చెప్పి ముగిస్తాను. చెప్పడానికి కొంచెం షరమ్‌గా ఉంది.

అబ్బా రేవులో ఓడల రిపేరు పని చేసేవారు. ఇనుము మీద సుత్తి దెబ్బల మధ్య ముప్ఫై ఏళ్లు. చెవులు మెల్లగా పోయాయి. పెద్ద చప్పుళ్లు తెలిసేవి, చిన్నవి తెలిసేవి కావు. అంటే ఆ రికార్డులో డోలు మొదలవడం తెలిసేది కాదు, ఆఖర్న తిరిగి రావడం తెలిసేది కాదు. మధ్యలో తుఫాను మాత్రం ప్లేయరు మీద అరచెయ్యి ఆనించి వినేవారు. తుఫాను ఆగాక కళ్లు మూసుకుని కూర్చుని "ఆయా క్యా?" అని అడిగేవారు. ఆ ఒంటరి బాజా వచ్చిందా అని. రాగానే నేను భుజం మీద తట్టాలి. తడితే తల ఊపేవారు. మిగతాది ఆయనకు జ్ఞాపకంలోంచే వినిపించేది. డోలు తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి తట్టాలి. "ఫిర్ ఆతా" అనేవారు.

నా ఆఖరి సంవత్సరం పరీక్షలప్పుడు ఒక రాత్రి పుస్తకంలో మునిగి మరిచిపోయాను. తల ఎత్తేసరికి సూది చివరి గాడిలో తిరుగుతూ కిర్రు కిర్రుమంటోంది. ఆ వైపు ఎప్పుడో అయిపోయింది. అబ్బా ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు, నా చెయ్యి కోసం ఎదురు చూస్తూ. అయిపోయిందని చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. సూది వెనక్కి జరిపి, అందాజా మీద పెట్టి, భుజం తట్టాను. ఆయన తల ఊపారు. మోసం చేశానో, ఖిద్మత్ చేశానో ఇప్పటికీ తెలీదు. 2011లో అబ్బా వెళ్లిపోయారు. ఈ మాట ఆయనకు చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున పెట్టె తెరిచి రికార్డులు వెలుతురులో పట్టి చూశాను. మొదటి వైపు గీతలతో తెల్లబారిపోయింది. ఫతే ఉన్న నాలుగో వైపు దుకాణంలోంచి ఇప్పుడే తెచ్చినట్టు నల్లగా మెరుస్తోంది.

"నా సామాన్లో పెట్టు" అన్నాను చోటా భాయితో.

"ప్లేయరు లేదు కదా ఆపా."

"కొంటాలే."

మీలో ఎవరికైనా వినాలనిపిస్తే, ఫోన్లో శొస్తకోవిచ్ ఏడో సింఫనీ, స్వెత్లానోవ్, 1968 అని వెతకండి. మొదటి భాగం అరగంట లోపే. మొదట ఏమీ వినిపించడం లేదని వాల్యూమ్ పెంచకండి, తర్వాత ఇబ్బంది పడతారు. ఇంట్లో చెవులు సరిగా వినిపించని బుజుర్గులుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, వచ్చినప్పుడు వచ్చిందని చెప్పండి.

అబ్బా మగ్‌ఫిరత్ కోసం, ఆయన దాదీ కోసం దువా చేయండి. ఖుదా హాఫిజ్.